మూడో తరగతి షెడ్డు

అమ్మకు తీసుకుపోయిన టిఫిను డబ్బా తీసుకుపోయినట్టే తిరిగొచ్చింది. శ్రవణ్ కుమార్ దాన్ని గడప మీద పెట్టి, చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"తినలేదా?" మంచం మీద నుంచి అడిగాడు రామన్న.

"మూత గూడ తియ్యలే. నిన్న పొద్దుగాల కూసున్నకాడనే కూసుంది. యోసేపు తాత నీళ్ళిస్తే తాగిందంట. గంతే."

రామన్న గోడవైపు చూశాడు.

"నాయినా, నువ్వు ఒక్కసారి వచ్చి పిలువు. నీ మాటింటది."

"నా మాట ఎన్నడిన్నది?"

"వినదని నువ్వెట్ల చెప్తవు? నువ్వు ఆ దిక్కు అడుగే పెట్టకపోతివి. నేను పుట్టినకాడికెళ్ళి చూస్తున్న. కూరగాయలకు పోవాలంటే గూడ టేషన్ రోడ్డు ఇడిచి చుట్టు తిరిగి పోతవు."

"నేను రాను."

"ఊరోళ్ళు వచ్చి చూసి పోతుండ్రు నాయినా. పనోళ్ళు ముప్పై మంది ఖాళీగ కూసున్నరు. శుక్రవారం టేషన్ తెరవాలె. ఇయ్యాల మంగళవారం. జితేందర్ సారు మంచోడు గాబట్టి మధ్యాహ్నం దాంక ఆగిండు. ఇంకోడైతే పోలీసోళ్ళను పిలుస్తుండె."

"ఆ కొలువుల చేరొద్దని నీకు ముందే చెప్పిన."

శ్రవణ్ డబ్బాను గడప మీద నుంచి లోపలికి జరిపాడు. డిప్లొమా చేసి రెండేళ్ళు ఖాళీగా తిరిగినవాడికి ఎనిమిది నెలల కింద దొరికిన మొదటి కొలువది. గద్వాల నడిబొడ్డున ఉన్న పాత టేషన్‌లో రైలు ఆగక పదేళ్ళు దాటింది. పెద్ద లైను పడ్డాక బండ్లన్నీ కొత్త టేషన్‌కే పోతున్నాయి. ఆ రాతి కట్టడాన్ని హైదరాబాదు కంపెనీ ఒకటి లీజుకు తీసుకుంది. టికెట్ల గది హోటలవుతోంది. సామాన్ల గోదాము పెండ్లిళ్ళ హాలవుతోంది. ప్లాట్‌ఫారం చుట్టూ పిల్లల రైలు తిరుగుతుంది. మూడో తరగతి ప్రయాణికుల షెడ్డు పడగొట్టి, ఆ జాగాలో గుద్దుకునే కార్లు పెడతారు. ముందర పెద్ద బోర్డు అప్పుడే రాశారు: 'కుటుంబమంతా కలిసి రండి.'

ఆ షెడ్డు కాడనే, ఇరవై రెండేళ్ళ కింద, మేస్త్రి గుంపుతో పనికి పోతూ రైలెక్కే తొక్కులాటలో కిష్టమ్మ తన నాలుగేళ్ళ బిడ్డ జోగులమ్మను పోగొట్టుకుంది. శ్రవణ్ అప్పుడు ఏడాది పిల్లవాడు, చంకలో ఉన్నాడు. ఇప్పుడు ఆ షెడ్డు తియ్యనియ్యనని ఆమె కూర్చుంది.

"అమ్మను బలిమిన లేపే బాధ నాకు పెట్టొద్దు నాయినా," అన్నాడు శ్రవణ్. గొంతు కొంచెం తగ్గింది. "శుక్రవారం పాతోళ్ళందరు వస్తరు. పాత ఫోటోలు పెడుతున్నం గోడకు. వాళ్ళను పిలిచే పని నాకే ఇచ్చిండు సారు. హమాలీలను పిలిచిన, యోసేపు తాతను పిలిచిన, చాయ్ దుకాణం జమీలు ఇంటోళ్ళను పిలిచిన. వాళ్ళ ముందర అమ్మ గిట్ల..."

"ఎవరిని పిలిచినవు?"

"యోసేపు తాత..."

"కాదు. దుకాణం."

"జమీలు. ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్ముతుండె గద. పోయిన నెల యోసేపు తాత ఎక్కడ్నో వాళ్ళ జాడ తెలుసుకోని చెప్పిండు. అమరచింతల ఉన్నరు. నేను ఉత్తరం రాస్తే జవాబు గూడ వచ్చింది. ఆయన పోయి ఐదేండ్లయిందంట. బిడ్డ రాసింది. వాళ్ళమ్మ మెహబూబీని తీసుకోని వస్తనని."

రామన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"బిడ్డనా?"

"అవును. సాదియా అని పేరు రాసింది. మంచి రాత."

రామన్న అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, వాటినే చూసుకుంటూ ఉన్నాడు. బయట ఎవరిదో సైకిలు గంట మోగించుకుంటూ పోయింది.

"జమీలుకు పిల్లలు లేరు," అన్నాడు చివరికి.

"తరువాత పుట్టిందేమో."

"పుట్టలే." తువ్వాలు అందుకుని లేచాడు. "ఆ ఉత్తరం నీకాడనే ఉందా? జేబుల పెట్టుకో. నడువు."

*

షెడ్డంటే నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు, కింద నున్నగా అరిగిన రాతి అరుగు. కిష్టమ్మ ఆ అరుగు మీద, స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. రెండు రోజుల ఎండకు మొఖం వాడిపోయింది. ఎదురుగా కొత్తగా పరచిన చిన్న పట్టాల మీద ఎర్ర రంగు పిల్లల రైలు ఆగి ఉంది. పనివాళ్ళు దాని పెట్టెల నీడలో కూర్చుని బీడీలు కాలుస్తున్నారు.

జితేందర్ ఆమె ముందర గొంతుక్కూర్చుని మాట్లాడుతున్నాడు. కంపెనీ తరఫున పని చేయిస్తున్న మనిషి, నలభై ఏళ్ళవాడు, నెత్తిన పసుపు టోపీ ఉంది.

"అమ్మా, నేను నీ బిడ్డను గుర్తు పెట్టుకోవద్దంటలేను. ఒక రాయి పెట్టిస్త ఇక్కడ. పేరు రాయిస్త."

"రాయి సచ్చినోళ్ళకు పెడ్తరు సారూ."

"తప్పుగ అన్న. మాఫ్ చెయ్యి."

"నీ తప్పేం లేదు. నువ్వు ఊరికి కొత్త. నా బిడ్డకు ఊరి పేరు తెల్వదు, మా ఇంటి పేరు తెల్వదు. నాలుగేండ్ల పిల్ల. గుర్తుంటే ఈ రేకులు గుర్తుండాలె, ఈ అరుగు గుర్తుండాలె. గిది గూడ తీసేస్తే అది ఎక్కడికి రావాలె?"

జితేందర్ లేచి నిలబడేసరికి శ్రవణ్ వెనకాల వస్తున్న రామన్న కనిపించాడు. అతన్ని చూసి యోసేపు కూడా లేచాడు. ఒకప్పుడు ఈ టేషన్‌లో సిగ్నల్ దీపాలు వెలిగించిన మనిషి అతను.

"రామన్నా, నువ్వా!" అన్నాడు యోసేపు. "ఎన్నేండ్లకు!"

కిష్టమ్మ తల తిప్పింది. మొగుడు టేషన్‌లో నిలబడి ఉండడం చూసి ఆమె మొఖంలో ముందు ఆశ్చర్యం వచ్చింది, తరువాత భయం.

"ఏమైంది? ఎందుకొచ్చినవు?"

రామన్న అరుగు దాకా వచ్చాడు. కూర్చోలేదు.

"ఇంటికి పోదాం లే."

"పోను. గీ మాట చెప్పనీకె ఇంతదూరం వచ్చినవా? నా చెయ్యిల నుంచి జారింది. నా కొంగు పట్టుకోని నడిచొచ్చింది, ఎక్కేటప్పుడు సోయి లేకపోయె నాకు. నేను పోగొట్టిన. నేనే కూసుంట. నువ్వు పో."

"కొంగు జారలే కిష్టమ్మా."

"ఏంది?"

"నీ కొంగు జారలే. నేను ఇడిపించిన."

పనివాళ్ళలో ఎవరిదో నవ్వు ఆగిపోయింది. శ్రవణ్ తండ్రి భుజం పట్టుకోబోయాడు. రామన్న ఆ చెయ్యి తీసేశాడు.

"నువ్వు మూట నెత్తిన పెట్టుకోని, వీన్ని చంకన ఏసుకోని ముందల ఎక్కుతుంటివి. అది ఎనుక కొంగు పట్టుకోని ఉండె. నేను వంగి ఒక్కొక్క ఏలు ఇడిపించిన. గట్టిగ పట్టుకుండె. ఇడిపించి ఎత్తుకోని జమీలు దుకాణంల కూసుండబెట్టిన. మెహబూబీకి చెప్పిన, నాలుగు నెలలు చూడుమని. మళ్ళ వచ్చి బండెక్కిన."

కిష్టమ్మ అతనివైపు చూస్తూనే ఉంది. అర్థం కాని భాష వింటున్నట్టు ఆమె నుదురు ముడుచుకుంది.

"పిల్ల కనపడకపోతే దేవరకద్ర టేషన్ల నన్ను దింపినవు," అంది మెల్లగా. "నేను నేల మీద పడి మొత్తుకుంటుంటే నువ్వు ఎనుకకు పోయినవు, ఎతుకుతనని."

"పోయిన."

"రెండో దినం వచ్చి దొరకలేదంటివి."

"దొరికింది." రామన్న చాయ్ దుకాణం ఉండిన దిక్కు చూశాడు. "మెహబూబీ ఒళ్ళె కూసోని బన్ను తింటుండె. నన్ను చూసి దిగి ఉరికొచ్చింది. నేను తిరిగి సూడకుంట వచ్చిన."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది."

"ఎంత దూరం ఇనపడ్డది?"

యోసేపు మొఖం అటు తిప్పుకున్నాడు.

"ఎందుకు నాయినా?" అన్నాడు శ్రవణ్. చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"అంతకు రెండేండ్ల ముందు కాలువ పనికాడ మీ అన్న సున్నం గుంతల పడి పోయిండు. నువ్వు పుట్టకముందు. గుడిసెల పిల్లలను ఇడిసి ఇద్దరం రాళ్ళు మొయ్యాలె. ఎవరు చూస్తరు? మేస్త్రి గూడ చెప్పిండు, పాలు తాగేటోడు ఒక్కడైతే తెచ్చుకోండి, ఇంకోర్ని తెస్తే మీ జంట వద్దే వద్దన్నడు. అదన్న బతకాలె అనుకున్న. నాలుగు నెలలే గద అనుకున్న."

"నాకెందుకు చెప్పలే?" అంది కిష్టమ్మ.

"చెప్తే నువ్వు ఎక్కుతుంటివా?"

"ఎక్కకపోదును."

"గందుకే."

"వచ్చినంక?"

"ఆరు నెలలకు వచ్చినం. ఇంటికి పోకముందే నేను ఈడికి ఉరికొచ్చిన. దుకాణంకు తాళం ఉండె. ఎటుపోయిన్రో ఎవరికి తెల్వదు. ఒకరు రాయచూరన్నరు, ఒకరు పట్నమన్నరు. రాయచూరుల తిరిగిన, పట్నంల తిరిగిన. నీకు కూలికి పోతున్నని చెప్పి తిరిగిన. దొరికినంక ఒక్కసారే చెప్దామనుకున్న. దొరకలే. ఏండ్లు పోయినంక ఏమని చెప్పాలె?"

కిష్టమ్మ చెయ్యి తనకు తెలియకుండానే చీర చెంగు మీదికి పోయింది. దాన్ని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

"మా అమ్మ సచ్చేటప్పుడు గూడ నన్ను తిట్టింది," అంది. "కొంగు పట్టుకున్న పిల్లను గూడ కాపాడుకోలేనిదానివి అని. నువ్వు ఆ మంచం పక్కనే కూసోని ఉంటివి. ఇంటివి గద?"

"ఇన్న."

"మీ అక్క నాకు పిల్లలను ఎత్తుకోనియ్యకపోయె. ఇన్నవు."

"ఇన్న కిష్టమ్మా."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. ఏడవనూ లేదు. రేకుల మీద కాకి ఒకటి వాలి, గోళ్ళు గీరుకుంటూ అటూ ఇటూ నడిచింది.

"ఇయ్యాలెందుకు చెప్పినవు?"

రామన్న కొడుకువైపు చూశాడు. శ్రవణ్ జేబులోంచి ఉత్తరం తీశాడు. మడత విప్పి చదివాడు.

"'అయ్యా, మీ ఉత్తరం అందింది. మా నాయన జమీల్ గారు చనిపోయి ఐదేండ్లు అయినది. అమ్మీ ఉన్నది, మోకాళ్ళ నొప్పులు ఉన్నవి, అయినా వస్తనంటున్నది. నేను, నా బిడ్డ గూడ వస్తము. నేను చిన్నప్పుడు ఆ టేషన్‌లోనే ఉన్నానట. నాకేమీ గుర్తు లేదు. చూడాలని ఉన్నది. ఇట్లు, సాదియా.'"

"ఇటియ్యి," అంది కిష్టమ్మ.

ఆమెకు చదువు రాదు. కాగితం అందుకుని, ఏ వరుస మీద వేలు పెట్టాలో తెలియక, కింది మూలన రాసిన పేరు మీద పెట్టింది.

"గుర్తు లేదంటనా?"

"అవునమ్మా. గట్లనే రాసింది."

కిష్టమ్మ ఉత్తరం మడిచి రవికెలో దోపుకుంది. స్తంభం పట్టుకుని లేవబోయింది. రామన్న ముందుకు వచ్చాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని లేచింది.

"పలుగులు ఎత్తుకోండ్రి నాయినా," అంది పనివాళ్ళతో. "ఇగ నాకు ఈడ పని లేదు."

జితేందర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పనివాళ్ళు ఒకరి మొఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ పలుగు ముట్టలేదు.

తల్లీ కొడుకూ గేటు దాటేదాకా ముట్టలేదు.

*

ఆత్మకూరు బస్సు జూరాల డ్యాం మీదుగా పోతున్నంతసేపు కిష్టమ్మ నీళ్ళవైపు చూడలేదు. ఆత్మకూరులో దిగి ఆటో ఎక్కేటప్పుడు ఒక్క మాట అడిగింది.

"గద్వాలకు ఎంత దూరమొచ్చినం?"

"గంటన్నర ప్రయాణమమ్మా."

"గంటన్నర," అంది ఆమె. మళ్ళీ మాట్లాడలేదు.

అమరచింతలో మెహబూబీ ఇల్లు అడిగితే మగ్గాల చప్పుడు వినిపించే సందులోకి చూపించారు. ఇంటి ముందర వసారాలో ఒకామె కుట్టు మిషను తొక్కుతోంది. కాళ్ళకాడ ఐదేళ్ళ పిల్ల గుడ్డ ముక్కలు ఏరి రంగు రంగుగా పేరుస్తోంది.

మనుషుల అలికిడి విని ఆమె లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. కిష్టమ్మ అడుగు ఆగింది. తన తల్లి అచ్చం అట్లాగే నిలబడేది, ఎండలోంచి వచ్చేవాళ్ళను చూసేందుకు కొంచెం మెడ వంచి.

"టేషన్ నుంచి వచ్చినం," అన్నాడు శ్రవణ్.

"శ్రవణ్ కుమార్ సారా? ఉత్తరం రాసింది మీరేనా? మా అమ్మీ వారం దినాలసంది మీ టేషన్ ముచ్చటే చెప్తుంది." సాదియా నవ్వుతూ చాప పరిచింది. "ఈమె?"

"మా అమ్మ."

"కూసో పెద్దమ్మా. ఎండల పడి వచ్చిన్రు. అమ్మీ, టేషన్ సారొచ్చిండు!"

లోపలినుంచి గోడ పట్టుకుంటూ మెహబూబీ వచ్చింది. తెల్ల దుపట్టా కింద జుట్టంతా నెరిసింది. మర్యాదకు నవ్వుతూ వచ్చిన మనిషి శ్రవణ్ మొఖం చూసింది, పక్కనే నిలబడ్డ సాదియా మొఖం చూసింది. ఇద్దరి కనుబొమలూ ఒక్కలాగే కలిసి ఉన్నాయి. ఆమె నవ్వు పోయింది. కళ్ళు మెల్లగా కిష్టమ్మ మీదికి వచ్చాయి.

"బేటీ, చాయ్ పెట్టు," అంది. "పాలు లేవు. పాపను తీసుకోని పోయి తే."

"ఉన్నయి గదమ్మీ, పొద్దుగాలనే..."

"పోయి తే బేటీ."

సాదియా పిల్లను ఎత్తుకుని వీధి మలుపు తిరిగింది.

"వస్తరని తెలుసు," అంది మెహబూబీ. "ఇరవై రెండేండ్లసంది ప్రతి పండుగకు అనుకుంట, ఈ ఏడు వస్తరని."

"నాకియ్యాల పొద్దున తెలిసింది," అంది కిష్టమ్మ.

మెహబూబీకి అర్థం కాలేదు. శ్రవణ్ నాలుగు ముక్కల్లో చెప్పాడు. వింటూ వింటూ ఆమె గోడ వెంబడి జారి కింద కూర్చుంది.

"యా అల్లా. నీకు తెల్వదా అక్కా? నువ్వే ఇడిచినవనుకున్న. తల్లి గూడ వద్దనుకున్న పిల్ల అని చెప్పుకోని నా మనసుకు సర్ది చెప్పుకున్న."

"మీరు ఎందుకు పోయిన్రు టేషన్ ఇడిచి?"

మెహబూబీ దుపట్టా అంచుతో నోరు మూసుకుంది.

"నాలుగు నెలలన్నడు నీ ఆయన. ఐదో నెల గూడ నిండింది. నాకు పిల్లలు లేరు. అది రాత్రి నా మెడ పట్టుకోని పండుకునేది. ఎవరు బండి దిగినా నాకు గుండె గుబేలుమంటుండె, దీని కోసమే వచ్చిన్రేమోనని. ఆయనను నిలవనియ్యలే. ఎవరికి చెప్పకుంట పోదామన్న. ఆయన వద్దన్నడు, పాపమన్నడు. నేనే తెచ్చిన. నన్నేమన్న అను అక్కా. అనాల్సిందానివే."

కిష్టమ్మ వసారాలో గోడకు మేకుకు వేలాడుతున్న చిన్నపిల్ల గౌనును చూస్తోంది.

"జరమొస్తే ఎవరు చూస్తుండిరి?" అని అడిగింది.

"నేనే. ఒకసారి కామెర్లయినయి. ఇరవై దినాలు దవాఖానల ఉన్నం."

"బడికి పోయిందా?"

"పది దాంక. ఫస్టుల పాసయింది."

"నా కోసం ఏడుస్తుండెనా?"

"మొదట్ల ఏడుస్తుండె." మెహబూబీ నేలవైపు చూసింది. "తరువాత నన్నే అమ్మీ అన్నది."

కిష్టమ్మ తల ఊపింది. అడగాల్సినవి ఇంకా వంద ఉన్నట్టుంది, కాని సందు మలుపులో సాదియా కనిపించింది. చంకలో పిల్ల, చేతిలో పాల గిన్నె.

మెహబూబీ గబుక్కున కిష్టమ్మ చెయ్యి పట్టుకుంది. నోరు తెరిచి ఏదో అడగబోయింది. అడగలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

చాయ్ వచ్చింది. సాదియా కిష్టమ్మకు ఎదురుగా కూర్చుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుంది.

"శుక్రవారం ఇది రైలెక్కాలంట పెద్దమ్మా. నిద్రల గూడ అదే కలవరిస్తుంది. పిల్లల బండికి కిటికీలుంటయా సార్?"

"ఉంటయి," అన్నాడు శ్రవణ్.

"నేనైతే రైలు కోసం వస్తలేను. నన్ను ఆ టేషన్లనే ఇడిచిపోయిన్రు తెల్సా? అమ్మీ దాచలే, పెండ్లప్పుడే చెప్పింది. ఎక్కడ ఇడిచిన్రో ఆ జాగా ఒక్కసారి చూడాలె. చూసినంక మనసుల నుంచి తీసేస్త."

"ఇడిచినోళ్ళు కనపడితే?" అంది కిష్టమ్మ. గ్లాసు రెండు చేతులా పట్టుకుంది.

సాదియా నవ్వింది. ఆ నవ్వులో కోపం పాతబడి గట్టిపడి ఉంది.

"మొగోడు ఇడిచిపోయిండంటే అర్థమైతది పెద్దమ్మా. ఏమి తిప్పలొచ్చెనో. తల్లి ఎట్ల ఇడిచింది? ఆ ఒక్కటి నాకు ఇప్పటికి సమజ్ కాదు. నా బిడ్డ ఐదు నిమిషాలు కనపడకపోతే నేను సందంతా ఉరుకుత."

"తల్లికి తెల్వకపోవచ్చు బిడ్డా."

"తల్లికి తెల్వకుంట ఎట్లుంటది?"

శ్రవణ్ పెదాలు విడివడ్డాయి. కిష్టమ్మ అతనివైపు చూసింది. అతను నోరు మూసుకున్నాడు.

మెహబూబీ తల వంచుకుని ఉంది. దుపట్టా మీద నీటి చుక్కలు పడుతున్నాయి. సాదియా చూసి, "ఇగో, గీ ముచ్చట తీస్తే అమ్మీ గిట్లనే," అంటూ జరిగి, ఆమె వీపు నిమిరింది. "నాకు నువ్వున్నవు గద. ఏడ్వకు."

కిష్టమ్మ చాయ్ ఆఖరి గుక్క దాకా తాగింది. గ్లాసు కింద పెట్టింది. పిల్ల బుగ్గ మీద రెండు వేళ్ళు ఆనించి, అంతటితో తీసేసింది.

"పేరేంది?"

"నజ్మా."

"మంచి పేరు. పోయొస్త బిడ్డా. చాయ్ మంచిగుండె."

*

తిరిగొచ్చే బస్సులో శ్రవణ్ ఆగలేకపోయాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా? నువ్వు ఇడువలేదని ఒక్క మాట చెప్తే అయిపోతుండె. నిన్ను ఎంత మాట అన్నదో ఇన్నవా?"

"ఇన్న."

"మరి?"

"నేను ఇడువలేదని చెప్పాలంటే మీ నాయిన పేరు చెప్పాలె. మీ నాయిన పేరు చెప్తే, మళ్ళెందుకు రాలేదని అడుగుతది. అప్పుడు మెహబూబీ పేరు చెప్పాలె." కిటికీలోంచి వచ్చే గాలికి ఆమె చెంగు ఎగురుతుంటే దగ్గరికి లాక్కుంది. "అమ్మీ అని ఆమె వీపు నిమిరింది చూసినవా? ఆ పిల్లకు ఉన్న ఒక్క తల్లిని గూడ లేకుంట చేసి రావాలనా?"

"మరి నువ్వు?"

ఆమె జూరాల దాటాక గానీ ఏడవడం మొదలుపెట్టలేదు. మొదలుపెట్టాక గద్వాల వచ్చేదాకా ఆపలేదు. ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగి, ఎవరు పోయారని శ్రవణ్‌ను సైగతో అడిగింది.

బస్టాండులో రామన్న ఉన్నాడు. పొద్దుటినుంచీ అక్కడే నిలబడ్డట్టుంది, తువ్వాలు దుమ్ము కొట్టుకుపోయింది. వచ్చిన ప్రతి బస్సు కాడికీ పోయి దిగేవాళ్ళ మొఖాలు చూస్తున్నాడు. వీళ్ళను చూడగానే గబగబా వచ్చి, రెండు అడుగుల దూరంలో ఆగిపోయాడు.

"అదేనా?" అన్నాడు.

కిష్టమ్మ కళ్ళు తుడుచుకుంది. మొగుడి మొఖంలోకి నేరుగా చూసింది.

"మంచిగుందా? పెండ్లయిందా? నా గురించి ఏమన్న..." మాట ఆగిపోయింది. శ్రవణ్ వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పురా. ఒక్క మాట. అది మన పిల్లనేనా?"

శ్రవణ్ తల్లివైపు చూశాడు. ఆమె కళ్ళు మొగుడి మీద నుంచి కదల్లేదు.

"నువ్వు నాకు ఎన్నేండ్లకు చెప్పినవో," అంది కిష్టమ్మ, "నేను గూడ నీకు గన్నేండ్లకు చెప్త."

ఆటోల మధ్య నుంచి దారి చూసుకుంటూ ఆమె ఇంటివైపు నడిచింది. రామన్న కొడుకు చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి పట్టు అది, అయినా గట్టిగా ఉంది. శ్రవణ్ ఆ వేళ్ళను చూశాడు. విడిపించడానికి అతనికి చెయ్యి రాలేదు, చెప్పడానికి నోరూ రాలేదు.